కాలర్‌గా కోసిన ఉత్తరం

ఆ లేత పసుపు మేడకి వీధివైపు ముప్ఫై కిటికీలు. డిపో మలుపులో బస్సు అరనిమిషం ఆగుతుంది. ఆ అరనిమిషంలో చూపుకి అందినన్ని లెక్కపెట్టుకుంటూ, లెక్క తప్పితే మర్నాడు మళ్ళీ మొదలుపెడుతూ, ముప్ఫై అని తేల్చుకోవడానికి కాజాలక్కకి చాలా రోజులే పట్టింది. ఏ కిటికీలో పువ్వుల కుండీ ఉందో, ఏ కిటికీ అద్దం పగిలి అట్టముక్క అంటించుకుందో, ఏ కిటికీ వెనక ఒక ముసలాయన పొద్దున్నే గడ్డం గీసుకుంటాడో ఆవిడకి తెలుసు. ఆవిడ ఉన్నట్టు మాత్రం ఆ మేడకి తెలియదు.

చేతిలో పెద్దగా ఏమీ మిగలని పెద్దవయసు వాళ్ళకి తక్కువ అద్దెకిచ్చే మేడ అది. మనిషికో గది, గదిలో ఓ మూల పొయ్యి గట్టు, పడిపోకుండా పట్టుకోవడానికి గోడకి కమ్మీ బిగించిన స్నానాలగది. చక్రాల కుర్చీ కూడా పట్టేంత వెడల్పు లిఫ్టు. కాజాలక్క ఇప్పుడుంటున్నది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో. అరవైనాలుగు మెట్లు. ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఎడమ మోకాలు మాట్లాడటం మొదలుపెడుతుంది. నలభయ్యో మెట్టు దగ్గర కుడిది జవాబు చెబుతుంది. అక్కడినుంచి పైదాకా అవి రెండూ కొట్టుకుంటూనే ఉంటాయి, మధ్యలో ఈవిడ కూరల సంచీతో.

అసలు పేరు రేషను కార్డులో ఉంది. బజారులో అందరికీ కాజాలక్కే. నలభైమూడేళ్ళుగా ఒకే టైలరు షాపులో చొక్కాలకీ కోట్లకీ చేత్తో కాజాలు కుడుతోంది. మొగుడు లారీ నడిపేవాడు, పెళ్ళయిన తొమ్మిదో ఏడు పోయాడు. పిల్లల్లేరు. గుడ్డలో సన్నగా ఒక గాటు పెట్టి, ఆ గాటు చుట్టూ దారాన్ని మెలికలుగా తిప్పి, గుండీ వచ్చి కూర్చునే ఒక చిన్న వాకిలి కట్టడం ఆవిడ పని. అలా వేల వాకిళ్ళు కట్టింది. తన తలుపు మాత్రం ఎప్పుడూ ఎవరిదో ఒకరిది. ఆరేళ్ళలో నాలుగు గదులు మారింది. ఒకటి పడగొట్టారు. ఒకదానికి ఇంటివాళ్ళ అల్లుడొచ్చాడు. ఒకదానికి అద్దె పెరిగింది. ఇప్పుడున్నదానికి ఇంకా ఏమీ కాలేదు, మెట్లు తప్ప.

అరవయ్యొకటో ఏట ఆ మేడకి దరఖాస్తు పెట్టింది. ఒంటరి మనిషినని రుజువు కావాలన్నారు. రుజువంటే ఏంటని అడిగితే, ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకు రమ్మన్నారు. "నాకెవరూ లేరని చెప్పడానికి ఇద్దరు కావాలా? ఆ ఇద్దరుంటే నేను ఒంటరిదాన్నెలా అవుతాను నాయనా?" అంటే ఆఫీసు కిటికీలో ఉన్న మనిషి నవ్వలేదు. షాపులో కటింగ్ మాస్టారు ఒక సంతకం, పక్క కొట్టు ఇస్త్రీ అతను ఒక సంతకం పెట్టారు. ఆవిడ వరస సంఖ్య మూడువందల పద్దెనిమిది అయింది.

ఆరోజే చూడటానికి ఒక నమూనా గది తెరిచి ఉంచారు. మిగతావాళ్ళు కుళాయి తిప్పి చూశారు, గోడ తట్టి చూశారు. కాజాలక్క సంచీలోంచి టేపు తీసి కిటికీ కొలిచింది. వెడల్పు నలభైయెనిమిది అంగుళాలు, పొడవు యాభైనాలుగు. షాపులో మిగిలిన నీలం ముక్కలు ఏరుకుని, జతకలిపి, మూడు నెలల్లో ఒక తెర కుట్టింది. పైన ఎనిమిది పట్టీలు, పట్టీకో గుండీ, గుండీకో కాజా. కిటికీ పైన కమ్మీ మీదినుంచి పట్టీని వేసి గుండీ పెడితే చాలు. దాన్ని మడతపెట్టి ట్రంకు పెట్టెలో అడుగున దాచింది. ఆరేళ్ళలో మడత దగ్గర నీలం తెల్లబడింది. ఇంకా వేలాడని తెర, అప్పుడే వెలిసిపోవడం మొదలుపెట్టింది.

ఉత్తరాలకి షాపు చిరునామా ఇచ్చింది. తను మారుతుంది గానీ షాపు మారదు కదా. ఏడాదికొక ఉత్తరం వచ్చేది. తెల్లటి దళసరి కాగితం, వేలితో తడితే టకటకమనేది. 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది. మీ సహనానికి కృతజ్ఞతలు.' అంతే. మొదటి ఏడు ఆ కాగితాన్ని చదివించుకుని, తనూ చదువుకుని, బీరువాలో పెట్టమని మాస్టారికిచ్చింది. రెండో ఏడూ అదే మాట. మూడో ఏడు వచ్చిన ఉత్తరాన్ని విప్పి చూసి మాస్టారి బల్లమీదికి విసిరేసింది.

"మీ కాలర్లకి కోసుకోండి మాస్టారూ. కాలర్లో పెట్టే బక్రంలా గట్టిగా ఉంది కాగితం. ఒక పనికైనా వస్తుంది."

మాస్టారికి దళసరి కాగితం కనపడితే చెయ్యి ఆగదు. కాలర్ ఆకారం, కఫ్ ఆకారం, జేబు ఆకారం అట్టముక్కలుగా కోసి మేకుకి గుచ్చి ఉంచుకుంటాడు. గుడ్డమీద వాటిని పరిచి సుద్దతో గీత గీస్తాడు. పాత క్యాలెండర్లూ, ఎవరివో పెళ్ళి కార్డులూ, మందుల పెట్టెల అట్టలూ అన్నీ ఆ మేకుకే చేరతాయి. ఆ వరసలో కాజాలక్క మూడో ఏటి ఉత్తరం కాలరైంది. నాలుగో ఏటిది జేబైంది. ఐదో ఏటిదాన్ని విప్పకుండానే ఇద్దరూ కలిసి నవ్వుకుని కత్తెరకిచ్చారు. ఆ నవ్వులో కొంచెం చేదుంది. అయినా నవ్వే.

ఆరో ఏడు, ఒక నెల పద్దెనిమిదో తేదీ పొద్దున్న, బ్యాంకు గుమాస్తా రెండో చొక్కాకి మెడపట్టీ మీద కాజా ఎక్కడ పడాలో చూసుకోవడానికి, ఆవిడ మేకునుంచి ఆ చొక్కా కాలర్ అట్ట తీసింది. కొత్తది. గుడ్డమీద పరవబోతూ తిప్పి చూసింది. కాలర్ మొనదగ్గర అచ్చు అక్షరాలున్నాయి. 'కింది అంతస్తులో ఏడో నంబరు గదిని మీకు కేటాయిం' దాకా ఉంది. మిగతాది మెడవంపులో తెగిపోయింది.

సూది చేతిలోనే ఉంది. ఆవిడ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారికీ అది అక్కడే తెగింది.

"ఏంటక్కా, కొలత తేడా వచ్చిందా?" అన్నాడు మాస్టారు తలెత్తకుండా.

"కొలత సరిగ్గానే ఉంది మాస్టారూ. నా బతుకుని సరిగ్గా పదిహేనున్నర మెడకి కోశారు."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అట్ట అందుకున్నాడు. చదివాడు. కత్తెర కింద పెట్టాడు. అన్నం వేళకి తప్ప ఆయన కత్తెర కింద పెట్టగా ఆవిడ చూడలేదు.

"కోసుకోమన్నది నువ్వే కదక్కా..."

"అన్నాను. మూడుసార్లన్నాను. నాలుగోసారి ఒక్క మాట అడగొద్దా?"

"ఐదేళ్ళు ఒకటే మాట రాసినవాళ్ళు ఆరో ఏడు వేరే మాట రాస్తారని ఎవడనుకుంటాడు? నువ్వనుకున్నావా?"

తనూ అనుకోలేదు. అందుకే ఆ కోపం ఎవరిమీద దించాలో తెలియక, బల్ల కింద చెత్తబుట్టని ఒక్క తన్ను తన్నింది. నీలం, తెలుపు, గళ్ళ ముక్కలు నేలంతా పరుచుకున్నాయి.

ఇద్దరూ నేలమీద కూర్చుని వెతికారు. ఉత్తరం కిందిభాగం జేబు అట్టగా అరలో దొరికింది. కవరు కఫ్ అట్టై మేకుకి వేలాడుతోంది. పైభాగంలో తేదీ ఉండే సన్నటి పట్టీ మాత్రం లేదు. మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. కోసిన రోజే దానిమీద 'జేబు లోతు పెంచాలి' అని రాసి గుమాస్తా మొదటి చొక్కాకి గుచ్చాడు. చొక్కాతోపాటు అదీ వెళ్ళిపోయింది.

జేబు అట్టమీద ఇంకో వాక్యం ఉంది. 'పదిహేను రోజుల లోపు స్వయంగా హాజరు కానిచో ఈ కేటాయింపు రద్దగును.'

"ఎప్పుడొచ్చింది ఇది? ఏ రోజు?" అంది ఆవిడ.

మాస్టారు కొలతల పుస్తకం తిరగేశాడు. ఆయనకి రోజులు గుర్తుండవు, చొక్కాలు గుర్తుంటాయి. గుమాస్తా చొక్కాలు కోసింది తొమ్మిదో తేదీ. కవరు ఆ పొద్దున్నే వచ్చింది, వచ్చీ రాగానే కోశాడు. తొమ్మిదికి పదిహేను కలిపితే ఇరవైనాలుగు.

"ఇంకా ఆరు రోజులుందక్కా! లే!"

లేవలేదు ఆవిడ. ముందు ఉత్తరాన్ని కలిపి కుట్టింది. దగ్గర కుట్టు వేస్తే కాగితం చిరుగుతుందని దూరం దూరంగా, తెల్లదారంతో, కాలర్‌నీ జేబునీ అంచులు ఆనించి కుట్టింది. చదివితే మాటలన్నీ ఉన్నాయి. పైన తేదీ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ, పన్ను ఊడిన నోరులా.

ఇద్దరూ గదులిచ్చే ఆఫీసుకి చేరేసరికి పదిన్నర. టోకెను యాభైయేడు. గోడమీద ఎర్రటి అంకె ముప్ఫైయొకటి చూపిస్తోంది. మాస్టారి మెడలో టేపు అలాగే ఉండిపోయింది. కాపలా మనిషి దానివంక చూసి, "ఏం పెద్దాయనా, టేపు తెచ్చారు?" అన్నాడు.

"మీ లైను ఎంత పొడుగుందో కొలుద్దామని," అంది కాజాలక్క.

కుర్చీలు నిండిపోయాయి. మాస్టారికి ఒకటి దొరికింది గానీ, చేతికర్రతో వచ్చిన బక్కపలచటి పెద్దాయన ఒకడు గోడకి ఆనుకుని నిలబడితే లేచి ఆయన్ని కూర్చోబెట్టాడు. కాసేపటికి ఆ పెద్దాయన్ని పేరుపెట్టి లోపలికి పిలిచారు. బయటికొచ్చేటప్పుడు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"దొరికిందమ్మా," అన్నాడు ఎవరితో చెప్పుకోవాలో తెలియక కాజాలక్కతో. "ఆరేళ్ళ తర్వాత."

"మంచిదన్నయ్యా," అంది ఆవిడ, నిజంగానే. "ఇవాళ మంచిరోజులా ఉంది. నాకూ దొరుకుతుంది."

భోజనాల వేళ బోర్డు పెట్టారు, తీశారు. ఒక యంత్రం పాడైంది, బాగైంది. ఎర్ర అంకె యాభైయేడుకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. కిటికీలో కళ్ళజోడు అమ్మాయి ఉత్తరాన్ని అందుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, కుట్టు మీద వేలు పెట్టి చూసింది.

"ఏంటమ్మా ఇది?"

"మీరు రాసిన ఉత్తరమే తల్లీ. కొంచెం... కాలరైంది."

"చిరిగిన ఉత్తరం చెల్లదండి. కింద గీతల గుర్తుంది చూశారా, దాన్ని యంత్రం చదవాలి. మీ దారం అడ్డమొచ్చింది."

"దారమేగా," అని కాజాలక్క అక్కడే, కిటికీ గట్టుమీద, పళ్ళతో ముడి కొరికి నాలుగు కుట్లు విప్పింది. రెండు ముక్కల్నీ బొటనవేళ్ళతో అంచుకి అంచు ఆనించి పట్టుకుంది. నలభైమూడేళ్ళు గుడ్డ జరగకుండా పట్టుకున్న వేళ్ళు అవి, వెంట్రుకవాసి కదల్లేదు. యంత్రం కూసింది. మాస్టారు ఊపిరి వదిలాడు.

అమ్మాయి కంప్యూటరు తెరవంక చూసింది. ఇంకోసారి చూసింది.

"గడువు నిన్న సాయంత్రం ఐదింటితో అయిపోయిందమ్మా."

"ఎలా అవుతుంది? తొమ్మిదిన వచ్చింది. మా మాస్టారు తొమ్మిదిన కోశారు. పుస్తకంలో ఉంది."

"ఉత్తరం మీద తేదీ రెండు. లెక్క అక్కడినుంచే."

అప్పుడు మాస్టారు చొక్కాజేబులోంచి కఫ్ ఆకారంలో ఉన్న కవరు ముక్క తీసి గట్టుమీద పెట్టాడు. దానిమీద పోస్టాఫీసు ముద్ర గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది. ఎనిమిదో తేదీ.

"రెండున రాశారు, ఎనిమిదిన పోస్టులో వేశారు," అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ అంత పెద్దగా లేవదు. "నేను తొమ్మిదిన కోశాను, నిజమే, నాదే తప్పు. ఆ ముందు ఆరు రోజులు దీన్ని ఎవరు కోశారమ్మా?"

అమ్మాయి ఆ ముక్క తీసుకుని లోపలి గదికి వెళ్ళింది. అద్దంలోంచి కనపడుతోంది. ఒక అధికారి ఆ కఫ్‌ని చేతిలో పట్టుకుని, అది ఏ ఆకారమో అర్థంకాక, తలకిందులు చేసి చూస్తున్నాడు. ఇరవై నిమిషాలు. కాజాలక్క కిటికీ గట్టుని వదల్లేదు. వదిలితే ఎవరో వెనకనుంచి వచ్చి ఆ చోటు కూడా తీసుకుంటారేమో అన్నట్టు.

అమ్మాయి వచ్చింది. ఈసారి కూర్చోకుండా, నిలబడే మాట్లాడింది.

"మా వైపు ఆలస్యం జరిగిన మాట నిజమేనమ్మా. సార్ ఒప్పుకున్నారు. కానీ ఏడో నంబరు గది వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేశాం. సంతకాలు కూడా అయిపోయాయి."

"ఎప్పుడు?"

"ఇవాళే. పదకొండింటికి."

కాజాలక్క చేతిలో టోకెను ముక్క ఇంకా ఉంది. చెమటకి మెత్తబడింది.

"పదకొండింటికి నేనిక్కడే ఉన్నాను అమ్మాయ్," అంది నెమ్మదిగా. "ఆ కుర్చీల పక్కన. ఇది పట్టుకుని. మీరు నా గదిని ఇంకొకరికి ఇస్తుంటే నేను వరసలో నిలబడి ఉన్నాను."

అన్నాక గుర్తొచ్చింది. చేతికర్ర. తుడుచుకున్న కళ్ళజోడు. మంచిదన్నయ్యా అన్న తన నోరు. ఆయన్ని తిట్టుకుందామని చూసింది, ఆ తిట్టు పైకి రాలేదు. ఆ కర్రకి కింది అంతస్తు కావాలి. తన మోకాళ్ళకీ కావాలి. రెండు నిజాలకీ కలిపి ఒకటే గది.

మాస్టారు అటు తిరిగి నిలబడ్డాడు. ఆ మనిషికి కుర్చీ ఇచ్చింది ఆయనే.

"మీ పేరు ఒకటో నంబరులో పెట్టమన్నారు సార్," అంది అమ్మాయి. "ఈసారి ఏ గది ఖాళీ అయినా ముందు మీకే."

"ఎప్పుడు ఖాళీ అవుతుంది?"

అమ్మాయి పెన్ను మూత పెట్టింది, తీసింది.

"అంటే ఎవరో ఒకరు పోవాలన్నమాట. ముప్ఫై కిటికీల్లో ఒక దీపం ఆరితే గానీ నాకు వెలగదు."

"అలా ఎందుకమ్మా, కొందరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోతారు..."

"పిల్లలున్నవాళ్ళు ఈ వరసలో ఆరేళ్ళు నిలబడతారా తల్లీ?"

ఎర్ర అంకె యాభైయెనిమిది చూపించింది. వెనక ఎవరో దగ్గారు. కాజాలక్క కదల్లేదు. "ఒకటో నంబరని రాసివ్వండి. నోటిమాట నాకొద్దు. ముద్ర వేసి ఇవ్వండి. ఇవాళ్టి తేదీ వెయ్యండి, రేపటిది కాదు, మొన్నటిది కాదు." అమ్మాయి రాసింది. ముద్ర వేసింది. మళ్ళీ అదే దళసరి కాగితం.

"చిరునామా మార్చుకుంటారా అమ్మా? ఉత్తరాలు ఇదే షాపుకేనా?"

మాస్టారు గిరుక్కున ఇటు తిరిగాడు. ఆయన ముఖంలో సుద్దరంగు.

"అదే ఉంచండి," అంది కాజాలక్క.

మెట్లు దిగుతుంటే మాస్టారు గొణిగాడు. "వేరేది ఇవ్వాల్సింది అక్కా. ఆ ఇస్త్రీ అతని కొట్టుదైనా..."

"అతను కాల్చేస్తాడు. మీరు కోస్తారు. ఎవరు నయం?" ఒక మెట్టు దగ్గర ఆగి మోకాలు పట్టుకుంది. "ఇంకెక్కడుంది మాస్టారూ నాకు చిరునామా?"

సాయంత్రం అరవైనాలుగు మెట్లూ ఎక్కింది. ముప్ఫై దగ్గర ఎడమది, నలభై దగ్గర కుడిది. గదిలోకి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి, అడుగునుంచి నీలం తెర తీసింది. కొత్త కాగితం మూలన చిన్న గాటు పెట్టి, చుట్టూ దారం మెలికలు తిప్పి, కాగితానికి కాజా కుట్టింది. తెర మొదటి గుండీకి దాన్ని తగిలించింది. గది వస్తే రెండూ కలిసి బయటికి రావాలి. తెరని మడతపెడుతూ, తెల్లబడ్డ గీతల మీదే మళ్ళీ మడత పడకుండా, ఈసారి అంగుళం పక్కకి జరిపి మడిచింది.

మర్నాడు షాపుకి వెళ్ళేసరికి తలుపు పక్కన గోడకి ఒక రేకు డబ్బా మేకులతో కొట్టి ఉంది. మూతమీద సుద్దతో 'కాజాలక్క ఉత్తరాలు. కత్తెర తగలరాదు' అని రాసి ఉంది. మధ్యలో ఒక సన్నటి చీలిక. మాస్టారు పక్కన నిలబడ్డాడు, వేలికి గుడ్డపీలిక చుట్టుకుని.

కాజాలక్క డబ్బాని చూసింది. చీలికని చూసింది. మాస్టారి మెడలోంచి టేపు తీసి దానిమీద పెట్టింది.

"అంగుళం. ఇది ఉత్తరానికా, గుండీకా?"

"చిన్న గాట్లకి అలవాటుపడ్డ చెయ్యి అక్కా..."

"ఆ ఆఫీసోళ్ళు ఆరేళ్ళకొకసారి పనికొచ్చే ఉత్తరం రాస్తారు. అది గుమ్మం దాకా వచ్చి దూరక వెనక్కి పోవాలా? అసలే గడువు పదిహేను రోజులు, అందులో ఆరు వాళ్ళ బల్లమీద!" సంచీ దించి, డబ్బాకి అటూ ఇటూ సుద్దతో గీతలు గీసింది. "ఇక్కడినుంచి ఇక్కడిదాకా. కవరు మడత పడకుండా పట్టాలి. ఊఁ, పట్టండి కత్తెర."

"రేకు కత్తెర ఇస్త్రీ అతని దగ్గర తెచ్చాను, ఇచ్చేశానే."

"మళ్ళీ తెండి."

మాస్టారు వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, టేపు చేతికి చుట్టుకుంటూ, పోస్టుమనిషి వచ్చే వీధి మలుపు వంక చూసింది. అతను రావడానికి ఇంకా రెండు గంటలుంది.